ధింసా చూడాలంటే ఏ రోజు రావాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అరకు, పాడేరు వైపు వచ్చి వెళ్ళినవాళ్ళవే. చలికాలం అయ్యాక ప్రతి ఏడూ ఇంతే. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి ఏడింటికి జవాబు రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు ఈ ఏజెన్సీ బళ్ళలోనే పాఠాలు చెప్పాను కాబట్టి కళ్ళతో చూసింది, ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పగా విన్నది రాస్తాను. సీతంపేట వైపు సవర గిరిజనుల ఊళ్ళ సంగతి మాత్రం అక్కడ పనిచేసిన రెండేళ్ళలో తెలిసినంత వరకే.

ప్రశ్న: డిసెంబర్‌లో పిల్లల్తో అరకు వచ్చాం. మేం దిగిన చోట రాత్రి మంట వేసి అరగంట ధింసా, అదే గిరిజనుల గుంపు నాట్యం, ఆడించారు. పిల్లలు కూడా వెళ్ళి కలిశారు, బావుంది. కానీ ఆడుతున్న ఆడవాళ్ళ ముఖాల్లో అలసట కనిపించి నాకు మనసు చివుక్కుమంది. అసలైన ధింసా ఎక్కడ చూడొచ్చు? ఏ రోజు రావాలి?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఒక మాట. మీరు చూసిన ఆడవాళ్ళూ అసలైనవాళ్ళే, ఆ అడుగులూ అసలైనవే. డిసెంబరంటే కాఫీ పళ్ళ కోత రోజులు. పొద్దున్నుంచీ తోటలో నిలబడి కోసి, ఇంటికొచ్చి పొయ్యి రాజేసి, పిల్లలకి ఇంత పెట్టి, అప్పుడు జీపెక్కి వచ్చుంటారు. ఆ రాత్రి వచ్చే డబ్బు వాళ్ళకి అవసరం. కాబట్టి మీరు చూసింది నకిలీ అనుకుని బాధపడొద్దు. అక్కడ మీకు కనబడనిది ఒక్కటే, ఆ ఆట ఎందుకు మొదలవుతుందో.

అది చూడాలంటే చైత్రమాసంలో రావాలి. మార్చి చివరి నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ ఇటుకల పండగ. ఫలానా తారీఖని నేను రాయలేను, ఎందుకంటే ఊరూరికీ రోజు వేరు. ముహూర్తాలు పెట్టే దిసారి మంచి రోజు చూస్తాడు, పెద్దలు సరేనంటారు, చాటింపు వేసే బారికి సాయంత్రం వీధులన్నీ తిరిగి గట్టిగా కేకేసి చెబుతాడు. అంతే, మర్నాటి నుంచి పొలం పనులు బంద్. ప్రతి ఇంటి నుంచీ దోసెడు విత్తనాలు, అంటే వడ్లు, చోళ్ళు (రాగుల్ని ఇటు చోళ్ళనే అంటారు), సామలు, కందులు, ఏవుంటే అవి తెచ్చి గ్రామదేవత దగ్గర పెట్టి పూజ చేస్తారు. పూజ అయిన విత్తనాలు మళ్ళీ ఇళ్ళకి వెళ్ళి, వానలు పడ్డాక మిగతా విత్తనాల్లో కలుస్తాయి. మగవాళ్ళు అడవికి వేటకి వెళ్ళడం పాత ఆనవాయితీ, ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఆటపట్టిస్తారు. ఇప్పుడు వేట చట్టం ఒప్పుకోదు, అడవిలో జంతువులూ అంతగా లేవు. అయినా ఊరంతా కలిసి అడవిలోకి వెళ్ళి రావడం మాత్రం మానలేదు. ఆ రోజుల్లోనే ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, పాట పాడి, వచ్చే బండినల్లా ఆపి డబ్బులడుగుతారు. మీ కారు ఆపితే విసుక్కోకండి, పదో ఇరవయ్యో ఇచ్చి నవ్వుతూ వెళ్ళండి. ఆ డబ్బు పండగ ఖర్చుకే పోతుంది.

ఆట రాత్రిపూట. మొదట డప్పులు తెచ్చి మంట దగ్గర కాస్తారు. మంచుకి మెత్తబడ్డ తోలు వేడికి బిగుసుకుంటుంది, వాయించేవాళ్ళు మధ్య మధ్యలో వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటారు. తర్వాత మోరి అనే వాద్యం ఊదేవాడు ఒక్కసారి గుక్క పడతాడు. అప్పటిదాకా ఎవరి అరుగుల మీద వాళ్ళు కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి, చీర కొంగు నడుముకి బిగించి వరసలో చేరతారు. పక్కనామె చేతిని పట్టుకోవడం ఉండదు, ఆమె వీపు వెనక నుంచి చెయ్యి పోనిచ్చి అటు పక్కనామె చేతిని బిగించి పట్టుకుంటారు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు నన్నూ అలా లాక్కున్నారు. నా నడుం మీద పడ్డ ఆ చెయ్యి ఎంత గరుగ్గా, ఎంత గట్టిగా ఉందో ఇప్పటికీ గుర్తే. అడుగు తప్పితే వరస మొత్తం ఊగి మనల్ని మళ్ళీ దారిలో పెడుతుంది. ఒక్కరే బాగా ఆడటానికి గానీ ఒక్కరే పాడు చెయ్యడానికి గానీ అందులో వీల్లేదు. చివరన ఒక ముసలావిడ ఉండేది, పళ్ళు లేవు, రాత్రి రెండింటికి కూడా మడమ నేలకి కొట్టే దెబ్బ తగ్గేది కాదు.

ధింసాలో రకాలున్నాయి. బోడ ధింసా గ్రామదేవత కోసం. పోతార్ తోల ధింసా ఆకులు కోయడాన్ని చూపిస్తుంది. బాగ్ ధింసా పులి మీదపడితే తప్పించుకోవడం: సగం మంది వలయం కడితే మిగతావాళ్ళు తలలు వంచి ఆ వలయంలోకి పాములా దూరతారు. గొడ్డి బేటలో ముందుకి వంగి లేస్తూ కొంత దూరం వెళ్ళి, అలాగే వెనక్కి వస్తారు. ఆకు కోసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు ఒళ్ళు ఎలా వంగుతుందో ఆటలోనూ అలాగే వంగుతుంది. ఏడాది పొడుగునా చేసిన పనుల్ని పని లేని రాత్రి మళ్ళీ కలిసి చేసుకుంటున్నట్టు ఉంటుంది నాకైతే. రిసార్ట్‌లో అరగంటకి అడుగులు వస్తాయి గానీ, వాటి వెనక ఉన్న ఏడాది అంతా ఎలా వస్తుంది?

ఇక మీరెలా రావాలంటే, టికెట్ కొనుక్కుని వచ్చే పండగ కాదిది. వారపు సంతకి వెళ్ళండి, ఎవరి దగ్గరైనా పసుపో చింతపండో కొనండి, మాట కలపండి, మరుసటి ఏడు కూడా వెళ్ళండి. రెండోసారి గుర్తుపడతారు, మూడోసారి వాళ్ళే పిలుస్తారు. పిలిస్తే ఖాళీ చేతుల్తో వెళ్ళకుండా బియ్యమో, పప్పో ఇంటికి పట్టుకెళ్ళండి. ఫోన్ జేబులో పెట్టుకుని ముందు వరసలో చేరండి, ఫొటోలు అడిగి తర్వాత తీసుకోవచ్చు.

ప్రశ్న: పసుపుపచ్చ పూల తోటలు ఫొటోల్లో చూశాం. అవి ఏ పూలు, ఏ నెలలో వస్తే ఉంటాయి?
— ఇంటర్ విద్యార్థిని, రాజమండ్రి

జవాబు: వలిసెలు. వెర్రినువ్వులని కూడా అంటారు. అది పూలకోసం వేసిన తోట కాదమ్మా, నూనె గింజ పంట. నవంబర్‌లో బాగుంటుంది, చలిని బట్టి కొంచెం ముందూ వెనకా అవుతుంది. తేనెటీగలకి ఆ నెల పండగే. పొలంలోకి దిగి ఫొటో తీసుకోవాలంటే రైతు కొంత రుసుం తీసుకుంటాడు, బేరం ఆడకు. మొక్కలు తొక్కితే విరిగిన కొమ్మకి కాయ కట్టదు, అందుకని గట్టు మీద నుంచే తీసుకుంటే ఇంకా మంచిది.

ప్రశ్న: మేమిద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం, నాకు బొమ్మలు వేయడం, తనకి మట్టి పని ఇష్టం. అరకు దగ్గర ఒక ఎకరం కొనుక్కుని చిన్న స్టూడియో కట్టుకుని, స్థానిక కళాకారులతో కలిసి పనిచేయాలని ఉంది. ఒకాయన స్థలం ఇప్పిస్తానంటున్నాడు, వేరేవాళ్ళ పేరు మీద రాయిస్తే చాలంటున్నాడు. ముందుకు వెళ్ళొచ్చా?
— బెంగళూరులో ఉంటున్న తెలుగు దంపతులు

జవాబు: వెళ్ళొద్దు. ఇంత సూటిగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. మీ ఆలోచన మంచిదే, ఆ దారి మాత్రం మంచిది కాదు. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. ఇక్కడ 1/70 చట్టం ఉంది, అంటే 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకి 1970లో వచ్చిన ఒకటో నంబరు సవరణ. దాని ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి మారకూడదు. గిరిజనుడి దగ్గరే కాదు, ఇక్కడున్న గిరిజనేతరుడి దగ్గర కూడా మీరు కొనకూడదు. అమ్మకమే కాదు, లీజు, తాకట్టు, బహుమతి అన్నీ బదలాయింపు కిందికే వస్తాయి. వేరేవాళ్ళ పేరు మీద రాయించడమంటే బినామీ. రేపు కేసైతే మీ డబ్బు పోవడం ఒకెత్తు, ఏ అమాయకుడి పేరు వాడుకున్నారో అతను కోర్టుల చుట్టూ తిరగడం ఇంకో ఎత్తు.

ఈ చట్టం వెనక చాలా కన్నీళ్ళున్నాయి. ఉప్పుకి, బట్టకి, పెళ్ళి ఖర్చుకి చేసిన అప్పుల కింద పల్లపు పొలాలు బయటి నుంచి వచ్చినవాళ్ళ చేతుల్లోకి పోయిన కథలు ప్రతి ఊళ్ళో వినిపిస్తాయి. 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో ఇచ్చిన తీర్పు కూడా ఇక్కడి సంగతే. అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద మొదలైన గొడవ అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వకూడదని కోర్టు చెప్పింది. ఆ గట్టు ఉండబట్టే మీకు నచ్చిన ఆ కొండలు ఇంకా అలా ఉన్నాయి.

కలిసి పనిచేయడానికి సొంత ఎకరం అక్కర్లేదు. గిరిజన కుటుంబాలు నడుపుకునే బసలు ఉన్నాయి, నెలో రెండు నెలలో అక్కడ ఉండండి, అద్దె వాళ్ళకే పోతుంది. మట్టి పని అన్నారు కాబట్టి చెబుతున్నాను, ఎర్రమట్టితో గోడలు మెత్తడం ఇక్కడి ఆడవాళ్ళ దగ్గర నేర్చుకోండి. మట్టి, పేడ, ఊక కలిపి, కాలితో తొక్కి, ఒక రోజు నాననిచ్చి, అరచేత్తో గోడకి రుద్దుతూ ఆఖర్న గుడ్డతో నున్నగా చేస్తారు. చూడటానికి తేలికే. నేను మా క్వార్టర్ గోడకి ప్రయత్నించినప్పుడు ఎండాక బీటలు పడింది, పక్కింటామె వచ్చి ముట్టుకు చూసి, మట్టి సరిగ్గా నానలేదని చెప్పింది.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో డ్రాయింగ్ మాస్టారిని. పిల్లలకి సవర చిత్రకళ నేర్పాలని ఉంది. ఇంటర్నెట్‌లో బొమ్మలు చూసి వేయించాను, త్రిభుజాల మనుషులు బాగానే వచ్చాయి, కానీ ఏదో లోటుగా ఉంది. సరైన పద్ధతేమిటి?
— ఒక ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: మాస్టారూ, మీకు లోటుగా అనిపించిందంటే మీ చూపు సరైనదే.

ఆ బొమ్మలు మొదట కాగితం మీద పుట్టలేదు, గుడ్డ మీదా పుట్టలేదు. ఎర్రమట్టి మెత్తిన ఇంటి లోపలి గోడ మీద పుట్టాయి. ఒడిశా వైపు సవరలు వాటిని ఇడితాల్ అంటారు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, పంట సరిగా రాకపోయినా, చనిపోయినవాళ్ళు కల్లో కనబడినా ఊరి పూజారి వచ్చి పోయిన పెద్దల్లో ఎవరికి ఏం కావాలో తెలుసుకుని చెబుతాడు. సీతంపేట వైపు ఆయన్ని ఎజ్జోడు అంటారు. అప్పుడు గోడ మీద ఆ పెద్ద కోసం ఒక ఇల్లు గీస్తారు. చతురస్రంగా గట్లు కట్టినట్టుండే ఆ గీతలే ఆ ఇంటి గోడలు. లోపల ఆయనకి ఇష్టమైనవన్నీ ఉంటాయి: చెట్లు, కోతులు, నెమళ్ళు, పొలం దున్నేవాళ్ళు, కుండలు మోసేవాళ్ళు, డప్పులు వాయించేవాళ్ళు, పైన సూర్యుడు, చంద్రుడు. గుర్రమెక్కిన దొరలు కనబడతారు, ఇప్పటి బొమ్మల్లో సైకిల్, మోటారు బండి కూడా వస్తాయి. పోయినవాళ్ళకి కొత్త వస్తువులంటే ఇష్టం ఉండదా మరి?

ఒకసారి ఆ పని దగ్గర కూర్చుని చూసే భాగ్యం కలిగింది. నానబెట్టి నూరిన బియ్యప్పిండి కొబ్బరి చిప్పలో ఉంది. కుంచె లేదు, వెదురు పుల్లని చివర నమిలి పీచులా చేసుకున్నాడు పెద్దాయన. నీరుకావి గోడ మీద తడి పిండి ముందు బూడిద రంగులో కనిపించి, ఆరేకొద్దీ తెల్లబడుతూ వచ్చింది. అందుకని గీసేటప్పుడు గీత సగమే తెలుస్తుంది, మిగతా సగం చేతికి తెలియాలి. ముందు చట్రం గీశాడు, తర్వాత ఒక మూల నుంచి మొదలుపెట్టి నింపుకుంటూ పోయాడు. మధ్యలో ఆగి ఇంటి ఇల్లాలిని అడిగాడు, మీ మామగారికి ఎన్ని ఎడ్లు ఉండేవని. రెండని చెప్పింది. రెండే గీశాడు.

మీ పిల్లల బొమ్మల్లో లోటు అక్కడుంది మాస్టారూ. త్రిభుజాలు నేర్చుకున్నారు, ఎడ్లు ఎన్నో ఎవరినీ అడగలేదు. నేనైతే ఇలా చేయిస్తాను. సవరల ఇంటి పూజ బొమ్మని ఉన్నదున్నట్టు దించొద్దు, అది వాళ్ళ ఇంటి దేవుడి గది లాంటిది. ఆ పద్ధతి మాత్రం తీసుకోండి. పిల్లలు ఇంటికెళ్ళి, పోయిన తాతో అమ్మమ్మో ఎవరో ఒకరి గురించి పెద్దవాళ్ళని అడిగి రావాలి, ఏం పని చేసేవారు, ఏం తినేవారు, దేనికి భయపడేవారు అని. వచ్చాక బడి గోడకి ఎర్రమట్టి మెత్తి, చట్రం గీసి, అందులో ఆ మనిషికి ఇల్లు కట్టాలి. ఎవరి పద్ధతిలో వేశారో కింద రాయించండి, సవరల పేరు తప్పకుండా ఉండాలి. వీలైతే సీతంపేట వైపు నుంచి వేసేవాళ్ళని ఎవరినైనా పిలిచి, దారి ఖర్చులూ కూలీ ఇచ్చి, ఒక రోజు పిల్లల మధ్య కూర్చోబెట్టండి.

గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం కదా, ఆ రోజు ఈ పని పెట్టుకోండి. వాడుక తెలుగు కోసం పోరాడకముందే ఆయన పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకి బళ్ళు పెట్టించారు, 1930ల్లో ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు అచ్చు వేయించారు. మన సభల్లో ఈ సగం ఎప్పుడూ వెనకబడిపోతుంది, నాకది బాధ. అదే కాలంలో, 1936లో, మంగేయి గొమాంగో అనే సవర పెద్ద వాళ్ళ భాషకి సొంత లిపి తయారుచేశారు, సొరంగ్ సొంపెంగ్ అంటారు దాన్ని. ఆ అక్షరాలు నాలుగు బోర్డు మీద రాసి చూపించండి.

ప్రశ్న: కాఫీ వచ్చాక గిరిజనుల జీవితం బాగుపడిందని కొందరు, పాత పంటలూ పండగలూ పోయాయని కొందరు అంటున్నారు. మీరేమంటారు?
— పీజీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: రెండూ జరిగాయి బాబూ. ఏది ఎంత అన్నది ఊరిని బట్టి.

కాఫీకి నీడ కావాలి. సిల్వర్ ఓక్ చెట్ల కింద, వాటికి మిరియాల తీగ పాకించి, మధ్యలో కాఫీ వేస్తారు. నీడ కావాలి కాబట్టి చెట్టు నరకరు. పోడు కోసం ఏటా కొండ కాల్చే అవసరం తగ్గింది. మా ఏజెన్సీలో కాఫీ రెండు లక్షల ఎకరాలు దాటింది, అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మార్చి ఏప్రిల్‌లో ఒక మంచి జల్లు పడితే వారం పది రోజులకి తోట మొత్తం తెల్లగా పూస్తుంది, మల్లెపూల వాసన, మూడు నాలుగు రోజులే ఉంటుంది. ఆ పువ్వు పండు అయ్యేసరికి మళ్ళీ చలికాలం. కోత అంటే కొమ్మ దూయడం కాదు, పండిన ఎర్రటివి మాత్రమే ఒక్కొక్కటీ వేళ్ళతో తీయాలి, పచ్చివి వదిలి మళ్ళీ పది రోజులకి రావాలి. ఆరు కిలోల పళ్ళు కోస్తే ఒక కిలో గింజ. చేతులకి జిగురు అంటుకుని, ఎండకి ఆరి, వేళ్ళు నల్లబడిపోతాయి.

ఆ డబ్బుతో పిల్లలు చదువుకున్నారు. నా దగ్గర చదివిన అమ్మాయిలు ఇద్దరు నర్సులయ్యారు, వాళ్ళ ఫీజులు కట్టింది కాఫీయే. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

అయితే ఇంకోటి గమనించాను. చోళ్ళలో కలుపు తీసేటప్పుడు పదిమంది వరసగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు పాట అందుకునేవారు. ఈరోజు మీ చేను, రేపు మా చేను అని బదులు పనికి వెళ్ళేవారు. కాఫీ తోటలో ఎవరి చెట్ల దగ్గర వాళ్ళు, చెట్ల చాటున ఒకరికొకరు కనబడరు. కాబట్టి పాట అందుకునేవాళ్ళు లేరు, సెల్‌ఫోన్‌లో పాట మోగుతుంది. పోనీ అనుకోవచ్చు. కానీ ఇక్కడ ‘కొత్త’ అని పిలిచే పండగలున్నాయి. మామిడి కొత్త, కొర్ర కొత్త, కంది కొత్త. దేవతకి, పెద్దలకి పెట్టకుండా కొత్త పంట ఎవరూ నోట్లో పెట్టుకోరు, మామిడికాయైనా సరే. బడి వెనక చెట్టు నిండా కాయలున్నా మా పిల్లలు కొత్త అయ్యేదాకా ఒక్క రాయి విసిరేవారు కాదు. నాలుగేళ్ళ కిందట కంది కొత్తకి ఒక ఇంటికి వెళ్ళాను. వాళ్ళ గరువు (మెట్ట నేల) మొత్తం కాఫీ వేసేశారు, అందుకని కందులు సంతలో కొనుక్కొచ్చారు. పూజ అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. తర్వాత ఆ ఇంటి పెద్దావిడ చేటలో గింజలు అటూ ఇటూ చేస్తూ, ఇవి ఎవరి చేలోవో అంది. మరేం అనలేదు.

అందుకే నన్నడిగిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను, కాఫీ ఎంతైనా వెయ్యండి, ఇంటికి కావలసిన చోళ్ళకి, కందులకి అరెకరం గరువు మాత్రం ఉంచుకోండి. అందులో అంబలికీ ఉంటుంది, పండక్కీ ఉంటుంది, కాఫీ ధర పడిపోయిన ఏడు తిండికీ ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయికి కొత్తగా టీచర్ ఉద్యోగం వచ్చింది, ఏజెన్సీలో కొండ మీద ఊరు. మధ్యలో గెడ్డ (కొండ వాగు) దాటాలంట, సిగ్నల్ ఉండదంట. ఒక్కతే ఎలా ఉంటుందోనని నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్. ఏం చెయ్యాలి?
— ఒక తల్లి, భీమవరం

జవాబు: అమ్మా, ముప్పై ఏళ్ళ కిందట మా అమ్మ కూడా ఇలాగే ఏడ్చింది. మీ భయంలో నిజమున్న భాగం ముందు చెబుతాను. దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దనండి, ఇటు మలేరియా ఉంది. జ్వరమొస్తే రెండో రోజు దాకా ఆగకుండా రక్తపరీక్ష చేయించుకోవాలి. వాన కురుస్తున్నప్పుడు గెడ్డ దాటకూడదు. ఇక్కడ వాన లేకపోయినా సరే, పైన కొండల్లో కురిసిన నీళ్ళు ఉన్నట్టుండి వచ్చి పడతాయి. నీళ్ళ రంగు మారి ఎర్రబడితే గట్టు మీదే కూర్చోవాలి, బడికి ఆలస్యమైనా ఫర్వాలేదు. రోడ్డు లేని ఊళ్ళలో కడుపుతో ఉన్నవాళ్ళని ఇప్పటికీ డోలీలో మోసుకొస్తున్నారు, అది మీ అమ్మాయి కళ్ళారా చూస్తుంది, మనసు సిద్ధం చేసుకోవాలి.

ఇక భయపడక్కర్లేని భాగం. ఒక్కతే ఉంటుందనుకుంటున్నారు, ఆ ఊళ్ళో ఒంటరిగా ఉండటం చాలా కష్టం. పొద్దున్న తలుపు తీసేసరికి గుమ్మం దగ్గర చిక్కుళ్ళో, గుమ్మడికాయో పెట్టి ఉంటుంది, ఎవరు పెట్టారో తెలియదు. ఒక సాయంత్రం దీపం వెలగకపోతే నలుగురు వచ్చి పిలుస్తారు.

మొదటి రోజే భాష సంగతి తెలుసుకోమనండి. ఆ ఊళ్ళో కువి మాట్లాడతారా, ఆదివాసీ ఒడియానా, కొండ భాషా అని. ఒకటో తరగతి పిల్లాడికి మన తెలుగు పరాయి భాష. వాడు జవాబు చెప్పకపోతే రాక కాదు, ప్రశ్న అర్థం కాక. నేను మొదటి మూడు నెలలు ఒక పిల్లని మొద్దు అనుకున్నాను, ఆ తర్వాత పాణి అంటే నీళ్ళని నాకే ఆ పిల్ల నేర్పింది. అదే పిల్ల ఆ ఏడాది చివరికి కథలు చెప్పింది. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా లాంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకి పుస్తకాలు వచ్చాయి. పాత బడి బీరువాల్లో ఎక్కడైనా ఆ పుస్తకాలుంటే దుమ్ము దులిపి బయటికి తీయమనండి, అవి బంగారం.

పండగ రోజుల్లో పిల్లలు బడికి రాకపోతే కోప్పడొద్దనండి. ఆ తప్పు నేను చేశాను. హాజరు పట్టీలో సున్నాలు చుట్టి, మర్నాడు వరసగా నిలబెట్టి తిట్టాను. ఒక తండ్రి వచ్చి తగ్గు గొంతుతో, విత్తనాల పూజకి ఇంట్లో అందరూ ఉండాలి టీచరమ్మా అన్నాడు. మరుసటి ఏడు నేనే పిల్లలతో వెళ్ళి కూర్చున్నాను. పాఠం అక్కడే చెప్పాను, ఏ విత్తనం ఏ నేలలో వేస్తారో వాళ్ళే చెప్పారు, నేను రాసుకున్నాను.

సామాన్లలో టార్చిలైటు, గొడుగు, మంచి చెప్పులు, స్వెట్టర్, ఒక పెద్ద డబ్బా ఆవకాయ పెట్టండి. చింతపల్లి, లంబసింగి వైపైతే రగ్గులు రెండు. ఆవకాయ కొంచెం ఎక్కువే పెట్టండి, పంచుకోవాల్సి వస్తుంది. మొదటి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు మీరే వెంట బయల్దేరి ఒకసారి ఆ ఊరు చూసి రండి, ఆ తర్వాత మీకు నిద్ర పడుతుంది.

ప్రశ్న: మా నాన్న అరకు నుంచి అడ్డాకుల కట్ట తెచ్చారు. విస్తరి కుట్టడం ఎలా?
— ఆరో తరగతి, అనకాపల్లి

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగావు. అడ్డ ఆకు చూశావా, మధ్యలో చీలి రెండు రెక్కల్లా ఉంటుంది. పెద్ద చెట్లని అల్లుకుని పైదాకా పాకే తీగ అది, ఆ తీగ నారతో తాళ్ళు కూడా పేనతారు. ఆకులు కోసి, కట్టలు కట్టి తెచ్చి, సాయంత్రం పూట అరుగు మీద నలుగురైదుగురు కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ కుడతారు. అలా కుట్టినవి సంతకి వస్తాయి, జీసీసీ వాళ్ళూ కొంటారు. అదే 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ. వాళ్ళ దుకాణంలో తేనె, కుంకుళ్ళు నువ్వు చూసే ఉంటావు.

ఆకులు ఎండిపోయి ఉంటే ముందు నీళ్ళు చిలకరించి, తడిగుడ్డలో చుట్టి కాసేపు ఉంచు, లేకపోతే పుల్ల గుచ్చగానే చిరుగుతాయి. సన్నటి వెదురు పుల్లలో, చీపురు పుల్లలో సిద్ధం చేసుకో. పెద్ద ఆకు ఒకటి మధ్యలో పెట్టి, నున్నటి వైపు పైకి ఉంచి, దాని చుట్టూ మిగతావి ఒకదాని అంచు మీద ఇంకోటి రెండు వేళ్ళ మందం ఎక్కేలా పేర్చు. పుల్లని పైనుంచి కిందికి గుచ్చి, అరంగుళం అవతల మళ్ళీ పైకి తీసి, అక్కడే తుంచెయ్. తిరిగే చోట ఆకుని కాదు, విస్తరినే తిప్పుతూ కుట్టుకుంటూ రా, అప్పుడు గుండ్రంగా వస్తుంది. మొదటిది వంకరగా వస్తుంది, రెండోదీ అంతే. అన్నీ అయ్యాక అరచేత్తో మెల్లగా ఒకసారి నిమిరి చూడు. ఎక్కడైనా పుల్ల మొన పైకి తగిలితే దాన్ని తుంచెయ్, అన్నం తినేటప్పుడు వేలికి గుచ్చుకుంటుంది. తర్వాత బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి పెట్టి, పొద్దున్న తీసి, మొదటి విస్తరి మీ నాన్నకి వెయ్యి.